ట్రౌట్ లేని దేశంలో దొంగ ఈగలు

సౌదీలో ఏం పని చేశావని ఎవరైనా అడిగితే ఏసీలు బాగుచేశానని చెబుతాను. అబద్ధం కాదు, కానీ సగమే. మిగతా సగం చెబితే నవ్వుతారని ఇన్నాళ్లూ దాచుకున్నాను. ఎడారిలో కూర్చుని, ఆ దేశంలో ఏ మూలనా దొరకని చేప కోసం, కోడి ఈకలతో దొంగ ఈగలు కట్టాను. దాదాపు రెండేళ్లు, శుక్రవారం తప్పకుండా కట్టాను. నేను ఆ దేశంలో ఉండాలా పోవాలా అన్నది చివరికి ఆ ఈగలే తేల్చాయి. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకుంటే మంచిది.

మాది సిరిసిల్ల. మా తాత సొంత మగ్గం మీద నేశాడు. మా నాన్న ఆ మగ్గం అమ్మేసి, మరమగ్గాల మీద, అంటే మా దగ్గర అందరూ అనే సాంచాల మీద, ఇంకొకరి దగ్గర కూలికి చేరాడు. ఆ సాంచాల మోతలో పుట్టి, ఆ మోతలోనే పోగులు అతకడం నేర్చుకున్నవాణ్ణి నేను. నడుస్తున్న సాంచె ముందు పోగు తెగితే, కన్ను మూసి తెరిచేలోగా రెండు వేళ్ల మధ్య తిప్పి ముడి వేయాలి. లేకపోతే సాంచాల యజమాని సేటు నోటికి అడ్డూ అదుపూ ఉండదు. ఆ నోటికి దూరంగా పోదామనే ఏసీ పని నేర్చుకుని ధహ్రాన్ చేరాను.

ధహ్రాన్‌లో పెద్ద ఆయిల్ కంపెనీ వాళ్ల కాలనీ ఉంది. పచ్చిక, ఈత కొలను, మంచినీళ్లతో తడిపే పూలమొక్కలు. మేం ఆ కాలనీలో పనిచేసేవాళ్లమే గానీ ఆ కంపెనీ మనుషులం కాదు. కాంట్రాక్టర్ మనుషులం. మా కఫీల్, అంటే పూచీదారు, ఆయనే; మా పాస్‌పోర్టులు ఆయన బీరువాలోనే ఉండేవి. ఆ తేడా అర్థం కావాలంటే మా క్యాంపులో ఒక గదిలో పదిమందితో కలిసి ఒక వేసవి గడపాలి. కాంట్రాక్టర్ దగ్గర పని అయిపోతే పాస్‌పోర్టులో ఖురూజ్ ముద్ర కొట్టి ఇంటికి పంపేస్తారు. కంపెనీ వాళ్లు మన కఫాలాను, అంటే మన పూచీని, తమ మీద రాయించుకుంటే మాత్రం ఉండిపోవచ్చు. దాన్ని నకల్ కఫాలా అంటారు. మా క్యాంపులో ప్రతివాడికీ దేవుడి తర్వాత ఆ కాగితమే.

ఇరాక్ కువైట్‌లోకి దూరిన తర్వాతి మాట ఇది. కాలనీలో సగం మంది సార్లు భార్యాపిల్లల్ని విమానాలెక్కించి పంపేశారు. అలా ఒంటరిగా మిగిలిన ఒక అమెరికన్ ఇంజనీరు ఇంట్లో ఏసీ నీళ్లు కారుస్తోందని కంప్లయింటు వస్తే నేను వెళ్లాను. మనిషి ఆరడుగుల పైన, బట్టతల, అరటిపండ్లంత లావు వేళ్లు. ఆయన్ని మేం సాబ్ అనేవాళ్లం. ఇక్కడా అలాగే అంటాను.

మూలగదిలో ఏసీ విప్పి ఆన్ చేశానో లేదో, గదంతా ఈకలు లేచాయి. గోధుమ రంగువి, తెల్లవి, నెమలి పింఛం పోగులు. ఎవరైనా కోళ్లు కోశారా అని చూస్తే సాబ్ బల్ల ముందు కూర్చుని, నిప్పులు తొక్కినవాడిలా చిందులేస్తున్నాడు. బల్లకు బిగించిన చిన్న వైస్‌లో, అంటే మర తిప్పితే బిగిసే ఇనుప పట్టులో, గోరంత గాలం. దాని చుట్టూ పట్టుదారం చుడుతున్నాడు. చుట్టడం, తెంపడం, బూతు కూయడం. మళ్లీ చుట్టడం, తెంపడం. నేను నిచ్చెన మీద నిలబడి ఏడుసార్లు చూశాను. ఎనిమిదోసారి నా చేతులు ఆగలేదు. దిగి వెళ్లి, ఆ లావు వేళ్ల మధ్య నుంచి దారం తీసుకుని, వేలు తడి చేసుకుని అతికి ఇచ్చాను. సాంచె ముందు పదేళ్ల వయసు నుంచీ చేసిన పని, చూడక్కర్లేదు కూడా.

సాబ్ అతుకు ఎక్కడుందని భూతద్దం పెట్టి వెతికాడు. కనబడలేదు. ఇంకో గాలం బిగించి నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయన నిలబడ్డాడు, నేను కూర్చున్నాను. సౌదీలో అంతకుముందూ ఆ తర్వాతా ఇంకెవరి ముందూ నాకు ఆ భాగ్యం పట్టలేదు.

అప్పటినుంచి నాకు సెలవు ఉన్న ఒకే ఒక్క రోజూ సాబ్ ఇంటి పాలైంది. ఆయన పుస్తకం తెరిచి బొమ్మ చూపిస్తాడు, నేను కడతాను. తోకకు నాలుగు పోచలు, నడుముకు ఎర్ర పట్టు, అటూ ఇటూ నెమలి పోగు, మెడకు కోడి ఈక చుట్టు, పైన తెల్ల రెక్కలు. దానికి రాజుగారి బండివాడు అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ పేరొకటి. ఏ ఈగా అలా ఉండదు. పెళ్లికి ముస్తాబైన ఈగ కూడా అలా ఉండదు. ఆ మాటే నా విరిగిన ఇంగ్లిష్‌లో అడిగాను. ట్రౌట్ అనే చేప చల్లటి కొండవాగుల్లో ఉంటుందట, దానికి ఇదంటే ప్రాణమట, నిజం ఈగ అనుకుని గాలంతో సహా మింగుతుందట. సౌదీలో ఉందా అంటే లేదు. మరి ఇక్కడ ఎందుకంటే, సెలవుల్లో వాళ్ల దేశం వెళ్లినప్పుడు పడతారట. పట్టి వండుకుంటారా అంటే సాబ్ నా వైపు నేనేదో ఆయన కుక్కను తింటానన్నట్టు చూశాడు. పట్టి, ఫొటో తీసుకుని, మళ్లీ నీళ్లలో వదిలేస్తారట.

నేను నమ్మలేదు. పొద్దంతా వాగులో నడుములోతు నిలబడి పట్టిన చేపను వదిలేసి ఇంటికి ఉత్త చేతుల్తో వచ్చేవాణ్ణి మా ఊళ్లో అయితే నాలుగు రోజులు గదిలో పెట్టి గొళ్లెం వేస్తారు. ఈ పెద్దమనిషి నా చెవిలో పువ్వు పెడుతున్నాడనే అనుకున్నాను. ఆ అనుకోవడమే తర్వాత నా కొంప ముంచింది.

నాకు ఇచ్చేది ఒక చల్లటి కోలా, రెండు బిస్కట్లు. కానీ మూడో శుక్రవారం ఆయనే అన్నాడు, "నీ చేతులు కాంట్రాక్టర్ దగ్గర ఉండాల్సినవి కావు. నిన్ను మా వర్క్‌షాప్‌లోకి తీసుకునేలా కాగితం పెడతాను" అని. ఆ రాత్రి నాకు నిద్ర రాలేదని ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. వెంటనే ఇంటికి ఉత్తరం రాశాను, కంపెనీ మనిషినవుతున్నానని. ఊరంతా తెలిసింది. మా నాన్న కూలిచేసే సేటుకు కూడా తెలిసిందట. ఇక ఆ కాగితం రాకపోతే ఏ మొహం పెట్టుకుని పోవాలి? పోతే ఆ సేటు సాంచాల మీదకే పోవాలి. అందుకే ఆ తర్వాత కట్టిన ప్రతి ఈగనూ దరఖాస్తు రాసినంత భయంగా కట్టాను.

యుద్ధం మొదలైంది. సైరన్లు మోగాయి. కంపెనీ సార్లకు గ్యాస్ మాస్కులు ఇచ్చారు, మా కాంట్రాక్టర్ మాకు తువ్వాళ్లు తడుపుకోమని సలహా ఇచ్చాడు. ఉచిత సలహా కాబట్టి ఎవరికీ తక్కువ కాకుండా అందరికీ అందింది. మాలో కొందరు ఏడ్చారు, కొందరు తాగునీళ్లు దాచుకున్నారు. సాబ్‌ది మాత్రం వేరే దుఃఖం. అమెరికా నుంచి రావాల్సిన ఈకల పార్సిల్ ఆగిపోయింది. మిసైళ్లు పడుతున్న ఊళ్లో ఆ మనిషి మాస్కు మెడలో వేలాడేసుకుని, తెల్ల బాతు రెక్కలు లేకుండా ఎలా అని నన్ను అడిగాడు. నాకు కడుపు మండింది, నవ్వూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మొహం ఎలా పెట్టాలో తెలియక ఏసీ ఫిల్టర్ కడగడానికి వెళ్లాను.

నాకు ఒక దోస్తు ఉండేవాడు, హైదరాబాద్ నుంచి వచ్చిన డ్రైవర్ భాయ్. హుఫూఫ్‌కు సామాను తోలేవాడు. అక్కడి సంతలో కోళ్లు కోసే చోట మెడ ఈకలు, మేకల దగ్గర తెల్ల వెంట్రుకలు తెమ్మని అడిగాను.

"కోడిని కోసినంక కూర అడుగుతరు. ఈకలు అడిగేటోన్ని నిన్నే చూసిన భాయ్" అన్నాడు. "అక్కడ బంగ్లాదేశోడు నన్ను మంత్రాలు చేసేటోడనుకుంటుండు."

"జర తెచ్చి పెట్టు. నా కాగితం ఆ ఈకల మీదనే ఉంది" అన్నాను.

"ఈకల మీద కాగితమా. మంచిగుంది నీ నౌకరి" అని నవ్వుకుంటూనే సంచి నిండా తెచ్చాడు. బండి కడగడానికి రెండు రోజులు పట్టిందని ఆ తర్వాత నెలంతా చెప్పుకున్నాడు.

బాతు రెక్కల బదులు మేక వెంట్రుకలతో రెక్కలు పెట్టాను. కోడి ఈక కాస్త పొడుగ్గా, దట్టంగా చుట్టాను. చూడ్డానికి పుస్తకంలో దానికంటే బలంగా, నిటారుగా ఉంది. సాబ్ మొహం మాడ్చుకున్నాడు. ఈగల్లో క్లాసిక్ వేరు, వేరియంట్ వేరట. క్లాసిక్‌కు వందేళ్ల కింద ఎవరో ఏ ఈక పెట్టారో అదే పెట్టాలి, ఒక పోచ మారినా అపచారం. మా పెళ్లిళ్లలో అయ్యగారు పసుపుకొమ్ము దొరక్కపోతే సర్దుకుంటాడు గానీ ఈ సాబ్ సర్దుకోడు. అయినా గతిలేక వేరియంటే పెట్టెలో పెట్టుకున్నాడు. తర్వాత కాలనీలో ఆ పిచ్చి ఉన్న మిగతా సార్లు కూడి ఎవరి ఈగలు వాళ్లు చూపించుకున్నప్పుడు అందరూ దాని చుట్టే మూగారట. సాబ్ దాన్ని యుద్ధకాలంలో తాను కనిపెట్టానని చెప్పాడు. నేను పక్కగదిలో ఏసీ కింద బకెట్ పెడుతూ విన్నాను. మేక నాది, కోడి నాది, ముడి నాది. కనిపెట్టింది ఆయన. ఏమనగలను? కాగితం ఆయన చేతిలో ఉంది.

యుద్ధం ముగిసింది. మరుసటేడు మా కాంట్రాక్టర్ పని కూడా చివరికొచ్చింది. క్యాంపులో మనుషులు వారానికి పదిమంది చొప్పున ఖాళీ అవుతున్నారు. నా కాగితం సాబ్ పెట్టనే పెట్టాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, పెట్టాడు. దాని మీద పెద్ద సార్ సంతకం కావాలి. పెద్ద సార్ అంటే సాబ్‌కు పైవాడు, ట్రౌట్ పిచ్చిలో సాబ్‌కు తాత. ఆయన సెలవు మీద వాళ్ల దేశం పోతూ, ఆ వేరియంట్ ఈగలు రెండు డజన్లు కావాలన్నాడు.

"ఇవి బాగా రావాలి. తిరిగొచ్చాక ఆయన నీ కాగితం చూస్తాడు" అన్నాడు సాబ్. గాలాల డబ్బా నా ముందు పెట్టి వెళ్లిపోయాడు.

డబ్బా తెరిచి ఒక గాలం వెలుతురుకు పెట్టి చూశాను. గాలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఒక చిన్న ముల్లు ఉంటుంది కదా, పట్టిన చేప జారిపోకుండా ఆపేది. అన్ని గాలాలకూ ఆ ముల్లు నలిగి చప్పగా అణిగిపోయి ఉంది. పట్టకారుతో అణిచిన గుర్తులు కూడా కనిపిస్తున్నాయి. అంతవరకూ సాబ్ పెట్టెలోకి నేను కట్టినవన్నీ ముల్లున్నవే. ఆ అరటిపండ్ల వేళ్ల సంగతి నాకు తెలుసు. వైస్‌లో బిగించబోయి అన్నీ పాడుచేసి ఉంటాడనుకున్నాను. పెద్ద సార్‌కు పాడైన గాలాలు పంపితే, చేప పడి జారిపోతే, నా కాగితం కూడా దాని వెంటే జారిపోతుంది. సొరుగు వెతికితే విప్పని ప్యాకెట్ ఒకటి దొరికింది. ముల్లు చక్కగా నిక్కబొడుచుకుని ఉన్న కొత్త గాలాలు. వాటి మీద కట్టాను. ఇరవై నాలుగూ ఒకే తల్లి పిల్లల్లా వచ్చాయి. కొనలు నా గోటి మీద గీసి పదును కూడా చూశాను. మా ఊళ్లో గాలం వేసేవాడెవడైనా అదే చేస్తాడు. చేపను పట్టేది వదలడానికేనని సాబ్ చెప్పిన మాట నిజంగా నిజమేనని, అందుకే ముల్లును కావాలని అణుస్తారని నాకేం తెలుసు? వదిలేస్తారని చెప్పాడు. నేనే నమ్మలేదు.

సాబ్ కళ్లజోడు లేకుండానే చూసి, భేష్ అని, పెట్టె మీద తన పేరు రాసిన చీటీ అతికించాడు. స్వయంగా చేత్తో కట్టినవి అని కింద ఇంకో లైను కూడా రాశాడు.

నెల గడిచాక పెద్ద సార్ ఆఫీసులో ఏసీ సర్వీసుకు నన్నే పంపారు. నేను నిచ్చెన మీద ఉన్నాను. కింద పెద్ద సార్, ఆయన ముందు సాబ్. బల్ల మీద ఉన్న కాగితాల్లో నా ఫొటో అంటించినది ఒకటి నిచ్చెన మీది నుంచి నాకు స్పష్టంగా కనబడుతోంది. పెద్ద సార్ కుడి చెవికి ప్లాస్టర్ ఉంది.

ముందు చేప గురించి చెప్పాడాయన. జీవితంలో అంత పెద్ద ట్రౌట్ పట్టలేదట, ఆ ఈగ అద్భుతమట. సాబ్ తల వంచి, థాంక్యూ సర్ అన్నాడు. తర్వాత చెవి గురించి చెప్పాడు. ఈగను నీళ్లలోకి విసరబోతే గాలి మళ్లి గాలం తన చెవికే తగులుకుందట. ముల్లు అణిచి ఉంటే లాగితే వచ్చేసేదట. ఉండబట్టి ఆస్పత్రిలో కోసి తీశారట. పట్టిన ఆ పెద్ద చేపను వదలబోతే నోరు చిరిగి చచ్చిపోయిందట. చెవి కంటే ఆ చేపకే ఆయన ఎక్కువ బాధపడ్డాడు. ముల్లున్న గాలాలు ఎవరు పెట్టారని అడిగాడు.

సాబ్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. వేలు పైకెత్తి నన్ను చూపించాడు. "కట్టింది నేను. గాలాలు ఏరి పెట్టింది అతను" అన్నాడు.

చేపకు వచ్చిన మెప్పు ఆయన తీసుకున్నాడు, చెవికి వచ్చిన తిట్లు నాకు ఇచ్చాడు. రెండేళ్లలో నా పని గురించి ఆయన నలుగురిలో చెప్పిన మొదటి మాట అదే. నా చేతిలో దుమ్ముపట్టిన ఫిల్టర్ ఉంది. కిందికి దిగి చెబుదామంటే నా ఇంగ్లిష్‌కు అంత దూరం నడిచే కాళ్లు లేవు. పెద్ద సార్ నన్ను చూశాడు, నా ఫొటో ఉన్న కాగితం చూశాడు. "మనుషుల్ని సిఫార్సు చేసేముందు జాగ్రత్త" అని సాబ్‌తో అని, కాగితం పక్కకు పెట్టేశాడు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. నేను ఫిల్టర్ బిగించి, గాలి చల్లగా వస్తోందో లేదో చెయ్యి పెట్టి చూసి, నిచ్చెన మడిచి బయటికొచ్చాను.

మూడు వారాల్లో ఖురూజ్ కొట్టారు. పోయే రోజు పొద్దున క్యాంపు గేటు దగ్గర నా పెట్టె భాయ్ బండిలో ఎక్కిస్తుంటే సాబ్ కారు వచ్చి ఆగింది. మా క్యాంపులోకి ఆయన రావడం అదే మొదటిసారి. దాచుకుని లాభం లేదు, కాగితం తెచ్చాడనే అనుకున్నాను. సాబ్ డిక్కీ తెరిచి వైస్, ఈకల పెట్టె, దారం కండెలు దించాడు.

పెద్ద సార్ ఆ ఈగలే ఇంకో డజను అడిగాడట. ఆ చచ్చిన చేప ఫొటో ఆఫీసు గోడకు పెట్టుకున్నాడట. ఈసారి ముల్లు అణిచి కట్టాలట. సాబ్ వారం రోజుల నుంచి కడుతున్నాడట, తల దగ్గర ముడి ఊడిపోతోందట.

"నా కాగితం?" అన్నాను.

"సారీ. ముద్ర పడిపోయింది, ఇప్పుడేం చేయలేను" అన్నాడు. మొహంలో నిజంగానే బాధ ఉంది. ఎవరి కోసమో మాత్రం అడగలేదు.

"టైముంది, జల్ది కట్టి ఇచ్చెయ్యి, పోదాం" అన్నాడు భాయ్, గొడవ ఎందుకన్నట్టు.

వైస్‌ను బండి వెనక పలకకు బిగించాను. ఒక గాలం తీసి ముల్లు అణిచాను. చివరి ముడి వేయకుండా ఉత్తుత్తిగా చుట్టి ఇద్దామని గట్టిగా అనుకున్నాను. వాగులో పడగానే ఈకకు ఈక ఊడిపోవాలి, పెద్ద సార్ ముందు ఈయన పరువు పోవాలి. ఎర్ర పట్టు చుట్టాను, నెమలి పోగు చుట్టాను, మేక వెంట్రుకలు నిలబెట్టాను. తల దగ్గరికొచ్చేసరికి వేళ్లు వాటంతటవే తడి చేసుకుని, ముడి వేసి బిగించేశాయి. నా చేతుల మీద నాకే ఒళ్లుమండింది. ఆ సేటు తిట్టినప్పుడు కూడా తప్పుడు ముడి వేయని చేతులు, ఇప్పుడేం వేస్తాయి? ఒక్కటే కట్టి ఆపేశాను.

సాబ్ దాన్ని ఎండలో తిప్పి తిప్పి చూశాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. "ఆ చివరి ముడి ఒక్కసారి నెమ్మదిగా వేసి చూపించు. మిగతావి నేనే కట్టుకుంటాను" అన్నాడు.

నేను భాయ్ వైపు తిరిగాను. "చెప్పు భాయ్. ఆ ముడి ఒక్కసారి చూస్తే రాదు, రెండేండ్లు నేర్వాలె. సిరిసిల్లకు రమ్మను. వీసా నేనే తీస్త. కఫీల్‌గ నేనే ఉంట. శుక్రవారం గూడ పనుంటది, కోలా ఇస్త, రెండు బిస్కట్లు ఇస్త. పాస్‌పోర్ట్ మాత్రం నా దగ్గర పెట్టాలె."

భాయ్ డ్రైవర్ ఇంగ్లిష్‌లో చెప్పాడు. సాబ్ పకపకా నవ్వి నా భుజం తట్టాడు. భాయ్ ఏదో మింగేశాడని నాకు అర్థమైంది.

"పాస్‌పోర్ట్ ముచ్చట చెప్పినవా?"

"ఎందుకు భాయ్, పోయేటప్పుడు."

"అది గూడ చెప్పు."

భాయ్ నేల చూస్తూ చెప్పాడు. సాబ్ చెయ్యి నా భుజం మీద అలాగే ఉండిపోయింది, నవ్వు మాత్రం పోయింది. కాసేపటికి చెయ్యి కూడా తీసేసి, వైస్ తానే విప్పుకోబోయాడు. మర తప్పు వైపు తిప్పుతున్నాడు. నేను చెప్పలేదు.

తర్వాత నేను ఆ సేటు సాంచాల మీదకే పోయాను. ఇంకెక్కడికి పోతాను? పోగు తెగినప్పుడల్లా అదే ముడి వేశాను, వేసినప్పుడల్లా కొంతకాలం ఏడుపొచ్చింది, తర్వాత రావడం మానేసింది. సాబ్ ఇంకా రాలేదు. వస్తే నేర్పుతాను, మాట మాటే. ముందు పాస్‌పోర్ట్ ఇచ్చాకే సాంచె దగ్గరికి రానిస్తాను.